ముప్పై ఒకటిన్నర

మైపాడు కాలవ కట్ట మీద
జేసీబీ ఒక పొద నడుముకి పన్ను దించింది.
తల్లి ఎటు పోయిందో ఎవురూ సరిగ్గా చూళ్ళేదు,
చూశామన్న ఇద్దరూ రెండు దిక్కులు చెప్పారు.
గుడ్లు మాత్రం ఉండిపొయ్యాయి
ఒకదాన్నొకటి కరుచుకోని, పంతొమ్మిది.

ఏకసిరి చెంచురామయ్య వాటిని పంచెలో పెట్టుకోని
నిండు బిందె మోసేవాడిలా నడిచొచ్చాడు.
అప్పటికే ప్రతి గుడ్డు నెత్తినా పెన్సిలుతో ఇంటూ గుర్తు.
"ఇది ఆకాశం వైపు, అమ్మాయ్.
తిప్పినావంటే లోపలిది తన నీళ్ళలో తానే మునుగుద్ది."
ఫారెస్టు బీటాయన ఫోన్లో సరేనన్నాడు,
పిల్లలయ్యేదాకా మీ కాడే ఉంచమన్నాడు.

నేను హేచరీలో సీడు లెక్కబెట్టే మనిషిని.
తెల్ల గిన్నెలో చెంచాడు నీళ్ళు,
అందులో వెంట్రుక ముక్కల్లాంటి రొయ్యపిల్లలు,
చూపుతో గీరి లక్షల్లో చెప్పేస్తాను.
లక్షకి పదివేలు పోతే మా దగ్గర దాన్ని చావనరు.
పంతొమ్మిదనే అంకె
నా నోట్లో ఇంత బరువుగా ఎప్పుడూ లేదు.

చెన్నైకి రొయ్యలు పొయ్యే థర్మోకోల్ పెట్టె.
కొబ్బరిపొట్టు తడిపి పిండాను,
చుక్క రాలకూడదు, చెయ్యి మాత్రం తడవాలి.
చెరువు థర్మామీటరు తీగ లోపలికి దించాను.
ముప్పై ఒకటిన్నర.
పైకొద్దు, కిందికొద్దు.

మా అత్త వజ్రమ్మ మూడ్రోజులు వంటింట్లోకి రాలేదు.
"పాము తన గుడ్లు తనే తింటది,
నువ్వేందే కాపలా కాసేది?"
నాలుగోనాడు వచ్చి
పెట్టె మూత మీద నేను పెట్టిన ఉప్పుజాడీని
మాట్లాడకుండా తీసి కింద పెట్టింది.

రోహిణి కార్తె.
వేరే ఊళ్ళల్లో వేడి కోసం వెతుక్కోవాలేమో,
నెల్లూరు ఎండ అడక్కుండానే వచ్చి
అందరి గుడ్ల మీదా కూచుంటది.
బయట నలభై నాలుగు.
గోతాం తడిపి కప్పాను. ఎండింది. మళ్ళీ తడిపాను.

ఒక గుడ్డు పచ్చబడి గుంటపడింది.
పీకితే పక్కదాని తోలు చిరుగుద్ది.
అందుకని చచ్చిందీ అక్కడే ఉంది
బతికిన వాటి భుజానికి ఆనుకోని.
రాత్రి సెల్‌ఫోన్ లైటు ఆనిస్తే మిగతావాటిలో
సన్నటి ఎర్ర పాయలు,
పటంలో పెన్నా ఎవరో ఎర్రసిరాతో గీసినట్టు.

నలభై తొమ్మిదో రాత్రి గాలివాన, కరెంటు లేదు.
ఇరవై ఎనిమిదికి దిగింది.
కూల్‌డ్రింకు సీసాల్లో వేణ్ణీళ్ళు పోసి
పాతచీరలో చుట్టి గంటకోసారి మార్చాను.
వరండాలో బీడీ తడిసిపోయిన చెంచురామయ్య అన్నాడు:
"తల్లయితే వొణుకుద్ది. చలికి కాదు.
ఒళ్ళు కుదిపి కుదిపి వేడి పుట్టిస్తది."
భయానికి వొణుకు తెలుసు, జ్వరానికి తెలుసు.
వొణకడం ఒక పనని తెలీదు నాకు.

అరవై రెండోనాడు గంజి వారుస్తా వజ్రమ్మే చూసింది.
"ఒసే, దీనికి నోరొచ్చింది!"
బ్లేడుతో గీసినట్టు గాటు,
పెన్సిలు గుర్తుని అడ్డంగా కోసుకోని ఒక ముక్కు.
గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించిందంటారే,
ఇక్కడ పిల్ల గుడ్డులోనే ఉండి
నాలిక చాపి నన్ను వెక్కిరించింది.

ఒకటిన్నర రోజు అట్టానే.
తొంగిచూడ్డం, లోపలికి పోవడం.
ఆగలేక కత్తెర తీశాను.
చెంచురామయ్య దాన్ని లాక్కోని
తీరిగ్గా గోళ్ళు కత్తిరించుకున్నాడు.
"దాని పన్ను దానికిచ్చే పంపాడు దేవుడు.
ఆ ఒక్క పనికే. తర్వాత రాలిపోద్ది."

పదహారు బయటికొచ్చాయి.
రెండు ముందే మురిగాయి.
చివర్న ఒకటి, మచ్చలొచ్చి, కళ్ళొచ్చి,
కోసుకోలేకపోయింది.
దాన్నింకా లెక్కలోంచి తియ్యలేదు.

సరుగుడు తోట అవతల
బీటాయన సంతకం పెట్టించుకోని వదలమన్నాడు.
ఎత్తుతుంటే ఒకటి కరిచింది,
చూపుడువేలి మీద నాలుగు ఎర్ర చుక్కలు.
పోతూ పోతూ ఏదీ వెనక్కి చూళ్ళేదు.
చూడాలని నేనూ అనుకోలేదు, నిజంగా.

సోమవారం హేచరీలో తెల్ల గిన్నె.
"ఎంతమ్మా?" బండి కాడ్నించి సూపర్‌వైజరు.
ఆగండి, అన్నాను.
వేలితో నీటిని తాకకుండా
మొదట్నుంచి మొదలుపెట్టాను.
ఒకటి.