చలాన్లు

పాలమూరు ఆర్టీవో ఆఫీసు బయట
కానుగ నీడల ఖాజా టేబులు.
ఇరవై తొమ్మిదో ఫారం రెండు కాపీలు, ముప్పయ్యోది ఒకటి.
"ఈడ పెట్టక్కా సంతకం, ఈడ, ఇగో ఈడ."

తమ్మునికి లోనియ్యని బ్యాంకోళ్లు
నా టీచరు జీతం చూసి ఇచ్చిన్రు.
అట్ల కారు నాదైంది.
తాళంచెవి ఎన్నడూ పట్టలె.

బోరు కాడి గట్టు పంచాతిల
మూడేండ్లు మాటల్లేవు మాకు.
చలాన్లు మాత్రం నా ఫోనుకే.
షాద్‌నగర్ దాటినంక ఓవర్‌స్పీడు, వెయ్యి ముప్పై ఐదు.
కొత్తకోట కాడ మళ్ల.
ఓసారి పెద్ద దవాఖాన ముంగట నో పార్కింగు.
ఎవరికేమైందో అడగలేక
ఆ ఫోటోనే రాత్రంత పెద్దగ చేసి చూసిన.
నంబరు ప్లేటు. వెనకద్దంల ఒక తల,
మర్దలుదో కాదో.
పైసలు కట్టిన. చెప్పలె.

"నడిపినాయన పేరు మీదికి రానీ, అప్పుడే కొంట"
అన్నడట వనపర్తి ఆయన.
అందుకొచ్చిండు చెన్నకేశులు,
ఇస్త్రీ అంగి, చేతిల పొల్యూషన్ కాగితం.
ఇంకో బండి సొంత పేరు మీదనే కొంటడట.
మంచిదే.
మరి యాడున్నడో నాకెట్ల తెల్వాలె?

"సంతకం కలుస్తలేదక్కా."
అప్పుడు పేరంత రాసేదాన్ని, ఇప్పుడొక గీత.
పాత లోను జిరాక్సు నా ముంగటికి జరిపి
"మెల్లగ రాయి" అన్నడు తమ్ముడు,
కాగితం దిక్కే చూసుకుంట.

ఖాజా ఫోన్ల నంబరు కొట్టి చూసిండు:
"పన్నెండేండ్ల బండి, ఒక్క చలాను పెండింగు లేదు!
ఏం నడిపినవన్నా!"

తమ్ముడు తలెత్తిండు.
అంజిల దాక రాసిన,
మిగిలిన అక్షరాలకు
పెన్ను కదుల్తలేదు.