నవంబరు పదిహేను

కాఫీ రాత్రే కాచి ఫ్లాస్కులో పోసిపెడతాను.
పొద్దున కాస్తే ఇల్లు లేస్తుంది,
లేచిన ఇల్లు మాట్లాడుతుంది,
ఆ మాటలు చొక్కాకంటుకుని అడవిదాకా వస్తాయి.

ఇది నా నలభైమూడో సీజను.
మిషిగన్‌లో ఈ ఉత్తరపు కొసన
ఇవాళ బడికి సెలవు, సామిల్లు మూత.
పళ్ల డాక్టరు తలుపు మీద అట్టముక్క:
‘అడవిలో ఉన్నాను.’
నా దవడపన్ను సోమవారందాకా ఆగాలి.
ఆగుతుంది, దానికీ తెలుసు.

తూటాలు మూడే పట్టుకెళతాను.
ఒకటి జింకకి,
ఒకటి నా పొరపాటుకి,
మూడోది దారి తప్పితే ఆకాశానికి.
నాలుగోది కావాల్సినవాడు
ఇంట్లో కూచుని పేకాడుకోవడం మేలు.

అక్టోబరునుంచీ నా ఉన్ని కోటు
గరాజులో దేవదారు కొమ్మల మధ్య వేలాడుతుంది.
మూడ్రోజులుగా ఒంటికి సబ్బు లేదు.
“జింకల సంగతేమో గానీ
నాకు వంటింట్లోకే తెలుస్తోంది” అంటుంది ఐలీన్.

చెట్లకి కెమెరాలు కట్టి
ఫోన్లో బొమ్మ చూసుకుని బయల్దేరేవాళ్లున్నారు.
అది వేట కాదు, పార్సిలు తెచ్చుకోవడం.
బస్తాలకొద్దీ క్యారెట్లు గుమ్మరించేవాళ్లున్నారు.
విందుకి పిలిచి విస్తరి ముందు కాల్చడం అది.
నేను నమ్మేది గాలిని.
ముక్కు మీదా చెవుల వెనకా తడి చేసుకుని
మంచె మీద కదలకుండా కూచుంటాను.
గాలి అబద్ధమాడదు,
కాకపోతే నా గురించి కూడా
ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది.

విల్లంబుల వాళ్లంటే నాకు పడదు.
మా బావమరిది డ్వెయిన్ విల్లంబుల మనిషి.
నాలుగేళ్ల కిందట ఓ సాయంత్రం
బీవర్లు కట్టిన మడుగు దగ్గర
ఎడమకొమ్ము వంకరున్నదాన్ని కొట్టానన్నాడు.
లాంతర్లతో రెండు రాత్రులు వెతికాం.
ఆకు మీద నెత్తురు బొట్టు లేదు.

ఆ కథ బారులో చెప్పింది నేనే.
మొదటి ఏడు అది గురి తప్పిన జింక.
రెండో ఏడు, జింకే కాదు, పొరుగువాళ్ల దూడ.
మూడో ఏటికి మోడైపోయింది,
మోడు కూడా పక్కకి తప్పుకుందన్నాను.
బల్లలు చరిచి నవ్వారు.
డ్వెయిన్ శిబిరానికి రావడం మానేశాడు.
స్టవ్ దగ్గర అతని కుర్చీ మీద
ఇప్పుడు తడి చేతితొడుగులు ఆరేసుకుంటున్నాం.

ఈ పొద్దున ఏడూ నలభైకి
మంచు సన్నగా పడుతుండగా వచ్చింది.
ఒక్క తూటా.
దగ్గరికెళ్లి టోపీ తీశాను.
ప్రార్థన కాదు, చెమట.
అప్పుడు చూశాను కొమ్ము వంకర.

గరాజులో వేలాడదీసి చర్మం ఒలుస్తుంటే
భుజం వెనక కత్తి టక్కుమంది.
చెర్రీపండులో గింజలా
గట్టిపడ్డ కండ మధ్య మూడంచుల ఇనుపమొన.
దాన్ని లోపలే మడతపెట్టుకుని
నాలుగు చలికాలాలు బతికింది,
కంచెలు దూకింది,
ఆడవాటికోసం కొట్లాడింది కూడా,
ఒంటినిండా మచ్చలు.
అంతకాలమూ
బారులో నేను కథ పెంచుతున్నాను.

కుళాయి కింద మొన కడిగి జేబులో వేసుకున్నాను.
వెన్నుకండ సగం కాగితంలో చుట్టాను.
“ఎక్కడికి?” అంది ఐలీన్.
“మీ తమ్ముడింటికి.”
అట్లకాడ పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది,
తర్వాత రెండో సగం కూడా తెచ్చి ఇచ్చింది.

ఇప్పుడు వాళ్ల వాకిట్లో
ట్రక్కు ఇంజను ఆపకుండా కూచున్నాను.
మొదటి మాట ఏదైతే బావుంటుందో
ఒకటీ తోచడం లేదు.
కిటికీలో దీపముంది.
గాలి నా వీపు మీంచి
తిన్నగా ఆ తలుపుకే వీస్తోంది.
లోపల కుక్క అప్పుడే లేచి మొరిగింది.