తలకట్టు

బాణసవాడి నుంచి మెజెస్టిక్‌లో బస్సు మారి
మా ఆఫీసుకొచ్చింది జలజ.
చీరలకు ఫాల్, పీకో, జాకెట్ల మీద మగ్గం పని.
తన పేరుతో ఇంటర్నెట్లో ఒక చిరునామా కావాలి,
ఇంగ్లీషు అక్షరం ఒక్కటీ తగలకుండా.

పేరు రాయమంటే సంచిలోంచి
స్టీలు టిఫిన్ డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.
మూత మీద చుక్కలు చుక్కలుగా మూడక్షరాలు.
"ముళబాగిలు సంతలో మాయమ్మ కొట్టించింది. ఇదే ఎక్కించన్నా."

ఎక్కించాను.
ఎర్రగీత.

ముందే తీసుకుంది బసవనగుడి జలజ,
తొట్లలో తామరలు పెంచి అమ్మే కన్నడావిడ.
జ, ల, మళ్ళీ జ.
మన వీధిలో ఎట్లా ఉంటాయో పక్క వీధిలోనూ అట్లానే,
కంటికి వెంట్రుకంత తేడా లేదు.
మిషనుకు మాత్రం ప్రతి అక్షరం ఒక ఇంటి నంబరు.
తెలుగు జ గడప దగ్గర మొదలుపెట్టి
నూట ఇరవై ఎనిమిది గడపలు దాటితే
కన్నడ జ తలుపు తీస్తుంది.
ల కూడా అంతే, అదే దూరం.
అందుకే మా రూలు: చూపుకొకటైతే ఇద్దరికివ్వకు.
ఒకరి గుమ్మమనుకుని ఇంకొకరి గుమ్మంలో
డబ్బు పెట్టిపోయేవాళ్ళుంటారు.

"ఇంతకీ డబ్బా మీదిది ఏ భాషమ్మా?"
తిప్పి చూసింది. కిటికీ వెలుతురుకి పట్టి చూసింది.
"ఇంట్లో మాట్లాడేది తెలుగే. బళ్ళో నేర్పింది కన్నడం.
మాయమ్మకు చదువే రాదు.
కొట్టినాయన్నే అడగాల. ఆయప్ప ఇప్పుడు లేడు."

ఫారంలో భాష అన్న గడి దగ్గర
కర్సరు రెప్పలు కొడుతూ కూర్చుంది.
నేనూ కూర్చున్నాను.

కాసేపటికి తనే అంది,
"అందురూ జలజక్కా అనే కదా పిలిచేది. అట్లే పెట్టు."

క కొట్టాను, కింద ఒత్తు.
నెత్తిన లేచి నిలబడింది తలకట్టు,
పరీక్ష పేపరు మీద పంతులు పెట్టే టిక్కులాగా.
పక్క వీధి క తలపాగా వేరు, అడ్డంగా వంకీ తిరుగుతుంది.
ఎర్రగీత పోయింది.

ఆ తర్వాత తెర మీద చూసి గతుక్కుమంది:
ఎక్స్, ఎన్, రెండు అడ్డగీతలు,
వెనకాల నోరు తిరగని ఇంగ్లీషు పొట్టు.
"ఇదేందన్నా, దీంట్లో నేను యాడుండా?"
దారికి తెలిసినవి ముప్పై ఏడు గుర్తులేనమ్మా,
అవి తొడుక్కునే నడవాలి.
ఇల్లు చేరాక చెప్పుల్లా విడిచేస్తావు.

రసీదు మడిచి డబ్బాలో పెట్టుకుంది.
గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చింది.
"ఆ తామరలామె నంబరుందా?
నా పేరు గలామెను ఒకసారి చూడాల."

నంబరివ్వకూడదు, రూలు.
బసవనగుడి, జలజ అని చీటీ రాసిచ్చాను,
పెన్నుతో.