చెట్టు లేని జీను

మూపు మీద రెండు తెల్ల మచ్చలు.
రూపాయి బిళ్ళంత ఒకటి, చింతగింజంత ఒకటి.
నాలుగేళ్ళు వాటిని పుట్టుమచ్చలనుకున్నాను.
దాని పేరు డామ్సన్,
ఈ కంబ్రియా కొండల్లో కాసే పుల్లటి నల్ల పండు పేరట.
నాకు మాత్రం నేరేడు.

జీను బిగించేటప్పుడల్లా మెడ తిప్పి
గాలిని కొరికేది.
పొగరనుకున్నాను.
"చాల్లే వేషాలు" అని
పొట్టపట్టీ ఇంకో బెజ్జం లాగేదాన్ని.

అక్టోబరు ముసురులో వచ్చింది మురియల్ బర్క్‌బెక్.
కర్క్‌బీ స్టీఫెన్‌లో జీనుల కొట్టు మూసేసి ఇరవయ్యేళ్ళయినా
ఆ కొట్టునే వ్యాన్‌లో మోసుకు తిరిగే ముసలమ్మ.
సుద్దముక్కతో భుజం ఎముక వెనక గీత గీసింది.
వంగే తీగను వీపు మీద ఒత్తి తీసి
ఆ వంపును పాత పేపరు మీద దింపింది.
తెల్ల మచ్చల మీద బొటనవేలు ఆనించి
నా వైపు చూడకుండానే అంది:
"ఇవి పుట్టినవి కాదమ్మా. పెట్టినవి."

ఒకే చోట ఏళ్ళ తరబడి నొక్కితే
వెంట్రుక నల్లగా మొలవడం మానేస్తుందట.
ఎద్దు పుండు కాకికి నొప్పా అని
మా నాయనమ్మ ఎవరినో తిట్టేది.
ఆ రాత్రి మొహం కడుక్కుంటూ
అద్దంలో ఆ కాకిని చూశాను.

నా ఉద్యోగమేమో పెన్రిత్ ఆస్పత్రిలో
మనుషుల వెన్నుపూసలు ఫొటో తీయడం.
ఊపిరి బిగపట్టండి. కదలకండి. అయిపోయింది.
పూస వెంట్రుకవాసి జరిగినా పట్టేసే కళ్ళు ఇవి.

జీను లోపలి చట్రాన్ని వీళ్ళు చెట్టంటారు.
కొయ్యా ఇనుమూ. అది పెరగదు, ఆకు వేయదు, వంగదు.
పందొమ్మిదేళ్ళ గుర్రం వీపు మాత్రం
వేసవి పచ్చికకి ఉబ్బి, చలికి పీక్కుపోయి
ఏటేటా కోసుకుపోయే ఏటి గట్టు.

చెట్టు లేనిది వేసి చూద్దామంది మురియల్.
వ్యాన్‌లోంచి లాగితే బొంతలా నడుం దగ్గర మడతపడింది.
ఇదా? దీని మీద నేనా?
"మెత్తగా ఉందని మోసపోకు.
చట్రం లేదంటే లెక్క లేదని కాదు.
వెన్ను మీద ఏదీ ఆనకూడదు,
నీ బరువంతా అటూ ఇటూ కండల మీదే.
నడుమ గాలి పారే కాలవ ఉండాలి."

మొదటి రోజు రికాబులో కాలు పెట్టి ఎగబాకానో లేదో
జీనూ నేనూ కలిసి పొట్ట కిందికి.
బురదలో కూచుని నవ్వాను. నేరేడు నవ్వలేదు.
అప్పటినుంచి గోడ రాయి ఎక్కి ఎక్కుతున్నాను.
కింది మెత్త ఒకటి మరీ మందం, పీపా మీద కూచున్నట్టు.
ఇంకోటి పలచన.
ఊలు పలకలు ఒకటి దోపి, ఒకటి లాగి,
మళ్ళీ అదే దోపి
రెండు వారాలు.

సవారీ అయ్యాక జీను దించి చెమట చదివేవాళ్ళం.
ఆ ఆదివారం ఆవిర్లు లేస్తున్న వీపు మీద
వెన్ను పొడవునా పొడి దారి,
రెండు పక్కలా నల్లని తడి.
ఎడమ తడిలో మాత్రం
నిమ్మకాయంత చోట చెమట పట్టలేదు.

మురియల్ ఏ పలకా మార్చలేదు.
ఎక్కమంది. వెనక్కి వెళ్ళి నిలబడింది.
చాలాసేపు చూసింది.
"జీను బానే ఉంది. వంకర నువ్వే.
అక్కడే బరువంతా దింపుతున్నావు.
చెక్క ఉన్నన్నాళ్ళూ అది దాచిపెట్టింది."

పదిహేనేళ్ళ సీసపు ఆప్రాను, ఒకే భుజాన సంచీ,
ఇంకేమేమిటో.

దిగి, పట్టీ సర్ది, మళ్ళీ బిగించాను.
నేరేడు మెడ తిప్పింది. అలవాటు.
గాలిని కొరకలేదు,
నా కోటు జేబు వాసన చూసి ఊరుకుంది.

రాయెక్కి కూచున్నాను.
అది ఎడమకి ఒక అడుగు వేసి, ఆగి,
ఒక చెవి వెనక్కి తిప్పింది.
కుడి తుంటిని కొద్దిగా, ఇంకొద్దిగా దించాను.

"ఊపిరి బిగపట్టకు" అంది మురియల్.