లోపలి రాయి

మా లంకలో రాయి దొరకదు.
ఎంత లోతు తవ్వినా ఒండ్రే,
దాని కింద ఇసుక, దాని కింద నీళ్లు.
కుక్కని అదిలించాలన్నా
మట్టిబెడ్డే విసరాలి.

ఈ నల్లరాయి ఎగువనుంచి వచ్చింది.
మా అత్తగారి అత్తగారికి అత్త, పేరు బంగారమ్మట,
పాపికొండల్లోంచి వెదురు తెప్పమీద
కాపరానికొస్తూ కొంగున కట్టుకు తెచ్చింది.
అప్పట్లో లేత కొబ్బరికాయంత ఉండేదట.
ఇప్పుడు నా గుప్పిట్లో మునిగిపోతోంది.

సారె మగాళ్లది.
గవరయ్య, ఆయన కొడుకు సూరన్న,
సూరన్న కొడుకు మా ఆయన లోవరాజు.
సంతలో వాళ్ల పేర్లే తెలుసు.
సారె దిగిన కుండకి మూతీ మెడా ఉంటాయి,
అడుగుండదు.
అడుగు మేం మూయాలి, పొట్ట మేం పెంచాలి.
పైన చెక్క, లోపల రాయి,
నడుమ పల్చబడే మట్టి చప్పుడు విని
ఎక్కడ ఆపాలో తెలుసుకోవాలి.

వచ్చిన మూడోనెల
అత్త వెంకాయమ్మ నా అరచేతిలో దీన్ని పెట్టింది.
బొటనవేలు ఆనే చోట ఒక గుంట.
నా వేలిది కాదు.
రెండేళ్లు వాచింది వేలు.
"రాయి ఒంగదే, నువ్వే ఒంగాల" అంది,
పులసచట్టి గుండ్రం చేస్తూ,
నావంక చూడనైనా చూడకుండా.

మొన్న మాఘంలో ఎవరో
ఒక జపాను ఆవిణ్ణి వెంటబెట్టుకొచ్చారు.
వాళ్లదీ కుమ్మరిల్లేనట.
కుండ తీసి, ముందు బోర్లించి చూసింది.
వాళ్లింటి ముద్ర అడుగున ఉంటుందట.
మాకు అడుగున మసి తప్ప ఏముంటుంది?
ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి పెట్టాను.
మోచేతిదాకా మునిగింది. కళ్లు మూసుకుంది.
రాయి దిగిన సొట్ట ఒక్కొక్కటీ తడుముతుంటే
ఆ ముఖం ఎలా మారిందో
లోవరాజు ఇప్పటికీ చేసి చూపిస్తాడు.

తర్వాత తొమ్మిది వేళ్లు చూపించింది, తొమ్మిది తరాలని.
"మనయ్యెన్నే?" అన్నాడు నాతో.
ఎవరు లెక్కెట్టేరు?
రాయి ఆవిడ చేతిలో పెట్టి
అరిగినంత మేరా చూసుకోమన్నాను.

మట్టి రాయిని తినేస్తుందంటే నమ్మరు.
మరి పోయిన రాయంతా ఏమైనట్టు?
కల్లుముంతల్లోకి పోయింది, పెళ్లివారి అవిరేణి కుండల్లోకి,
ఎనభయ్యారు వరద ఆవంతో సహా ఎత్తుకుపోయిన
నూటిరవై కుండల్లోకి,
చట్టి గీకి తిన్నవాళ్ల ఒంట్లోకి.

మట్టిదిబ్బ ఇప్పుడు రొయ్యలచెరువు.
ట్రాక్టరు మన్ను కొంటున్నాం,
అందులో గాజుపెంకులొస్తాయి.

నిన్న బడినుంచొచ్చి మా వీరబాబు
సంచీ తియ్యకుండానే రాయి అందుకున్నాడు.
మగపిల్లాడు చెక్క పట్టడం మా ఇంటా వంటా లేదు.
లోవరాజు ఏదో అనబోయి
బీడీకట్ట వెతుక్కున్నాడు.
వాడిది ఎడమచెయ్యి.
ఇందరి వేళ్లు తొలిచిన గుంట వాడికి అటుపక్క పడింది.
తిప్పాడు. మళ్లీ తిప్పాడు.
ఇంకా ఏ వేలూ దిగని చోటు దొరికించుకుని
కొట్టడం మొదలెట్టాడు.

మొదటి ముంత వంకర.
రెండోది నేను చూళ్లేదు,
ఆవం రాజెయ్యాలి, గడ్డి తడిసుంది,
గాలి సముద్రం వైపుకి తిరిగింది.