ఆరో గది

వాన్ తలుపు ఎత్తి వేస్తే గాని పడదు.
"కాస్త పైకి, ఆ, ఇప్పుడు నెట్టండి" అని
చేతులతోనే చెప్పాడు నేవియో.
ఫ్యుమిచీనో విమానాశ్రయం నుంచి ఏడు నిమిషాలు.
రెండు వంతెనలు, ఒక పెట్రోలు బంకు,
చీకట్లో ఎక్కడో సముద్రం ఉన్నట్టు
ఉప్పు వాసన మాత్రం.

హోటలంటే రెండంతస్తుల ఇల్లే.
బోర్డులో మూడో అక్షరం వెలగడం లేదు.
కౌంటరు వెనక ఓర్నెల్లా
కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని కళ్ళజోడు వెతుకుతోంది.
నా పేరును మూడు ముక్కలు చేసి చదివింది,
ఏ ముక్కా నాది కాదు.
ఊరి పన్ను చిల్లరగా ఇమ్మని
లెక్కపెట్టి బిస్కెట్ల డబ్బాలో వేసింది.
ఇత్తడి తాళంచెవి, దానికి
పిడికిలంత చెక్క గుండు,
జేబులో వేసుకుని ఎవరూ దేశం దాటకుండా.

గోడకి అరచేతంత మేరీమాత,
పటం వెనక దోపిన ఎండు ఆలివ్ రెమ్మ.
కిటికీ తెర దించే పట్టీ తెగిపోతే
ఎవరిదో ప్యాంటు బెల్టు కట్టారు.
ఐదు బెజ్జాల్లో మూడోది సాగిపోయి ఉంది.
ఆ మనిషి నడుము తెలిసింది, పేరు తెలీలేదు.

నా విమానం పదింటికి.
ఒక్క రాత్రికి పెట్టె విప్పడమా మానడమా
తేల్చుకోలేక, సగం జిప్పు తీసి
పడుకున్నాను.

టక్. టక్ టక్.

మూడున్నర.
పైజామా మీద ఓవర్‌కోటు, చేతిలో టార్చి,
గుమ్మంలో ముసలాయన.
ఏదో అన్నాడు. లేవండి, వేళైందనే మాట
ఏ భాషలో అన్నా అర్థమవుతుంది.
నాది పదింటికని వేళ్ళన్నీ విప్పి చూపించాను.
ఆయన టార్చి తలుపు మీదికి తిప్పాడు.
తొమ్మిది.
బొటనవేలితో అంకెను పైకి తోశాడు.
ఆరు.
వదిలాడు.
పై మేకు ఊడిన ఇత్తడి అంకె
ఊగి ఊగి మళ్ళీ తొమ్మిదై కూచుంది.

అసలు తొమ్మిది నడవా చివర.
ఆయన చెయ్యెత్తే లోపే తలుపు తెరుచుకుంది.
కోటు తొడుక్కుని, బూట్లు బిగించుకుని,
ఎంతసేపటి నుంచి మంచం అంచున కూచుందో ఆమె.
అగ్లయా. మోల్దోవా మనిషి.
రోమ్‌లో ఒక పెద్దావిడకి పదకొండేళ్ళు స్నానం చేయించింది.
పెద్దావిడ గురువారం పోయింది.
ఇవన్నీ తర్వాత ఓర్నెల్లా చెప్పింది.
ఆమె నాతో అన్నది "క్షమించండి" ఒక్కటే,
నా నిద్ర తనే చెడగొట్టినట్టు.

ఇంకొకరి ప్రయాణానికి లేచినవాణ్ణి,
సాగనంపైనా రావాలి కదా.
కిందికి దిగాను.
ఆమె చేతిలో కాగితం సంచి పెట్టింది ఓర్నెల్లా:
పీచ్ రసం, రస్కులు, ఉడికిన గుడ్డు,
గుడ్డుకి ఉప్పు విడిగా, పొట్లం కట్టి.
నేవియో తలుపు ఎత్తి వేశాడు.

"అందరి ఫోన్లలో అలారాలుంటాయి నాన్నా అంటే వినడు."
సెత్తిమియో కాఫీలో పంచదార తిప్పుతూ
మాటలు కూతురి నోటికి అందించాడు:
"కాలవ నీళ్ళ వంతు మాకు మూడున్నరకి పడేది.
ఇరవై నిమిషాలే. కన్ను మూస్తే పక్కవాడి చేనికి.
గడియారాన్ని నమ్మి చేను ఎండబెట్టుకున్నవాళ్ళని చూశాను."

బయట మొదటి విమానం దిగింది.
అలమరలో గ్లాసులు వణికాయి.
ఆయన చెవి ఒగ్గి, "క్యారెట్లలో" అన్నాడు.
రెండోది దిగింది.
"ఇది మా ఆర్టిచోక్‌లలో."
ఆ నేలకి ఎంతిచ్చారని అడిగాను.
ఓర్నెల్లా ఆ ప్రశ్నని ఆయనకి చెప్పలేదు.
ఇంకో కాఫీ పోసింది.

తెల్లారాక ఒక మేకూ సుత్తీ అడుగుదామనుకున్నాను.
అడగలేదు.
చెక్క గుండు కౌంటరు మీద పెట్టేశాను,
జేబు ఒక్కసారిగా తేలికై
నడకే కాసేపు తేడాగా ఉంది.

పదీ పదికి విమానం పరుగెత్తింది.
చక్రాలు నేల వదిలే చోట
చెవి ఒగ్గి విన్నాను.
క్యారెట్లో, ఇంకేదో.
తెలీలేదు.