వంటింట్లోంచి వెళ్ళిన గీత

మూడు వేల నూట ఎనభై మీటర్ల దగ్గర
గీత గీశాను.
ఆఫీసులో, హీటరు పక్కన,
రెండో కప్పు కాఫీ చల్లారేలోపు.
గీతకి పైన పారమో,
చెట్లు ఆగిపోయాక మొదలయ్యే తడి కొండనేల: ఎరుపు.
కింద పొలాలు: లేత పసుపు.
వాలుకి ఇన్ని మార్కులు, మట్టి లోతుకి ఇన్ని,
నీటికి అన్నిటికన్నా ఎక్కువ.
కూడితే వచ్చేదాని పేరు దుర్బలత.
దశాంశం తర్వాత రెండంకెలు.

ఈవేళ ఆ గీత వెంట నడుస్తున్నాను.
నేలమీద అదెక్కడా లేదు.
పొగమంచుంది.
అడుగేస్తే మూలిగి
అడుగు తీశాక మెల్లగా పైకి లేచే నాచుంది.
ఫ్రైలెహోన్ మొక్కలు గుంపుగా నిలబడి ఉన్నాయి
తమ ఎండుటాకుల్నే ఒంటికి చుట్టుకుని,
నూగాకుల్తో మబ్బుని పట్టి
చుక్క చుక్కగా వేళ్ళకి తాగిస్తూ.
ఏడాదికి ఒక సెంటీమీటరు పెరుగుతాయట.
నాకు ముప్పై నాలుగు.
నా ఈడు మొక్క నా మోకాలు దాటలేదు.

చేతిలో జీపీఎస్, ముందు గీత.
గీత ఒక మట్టిగోడలోకి వెళ్ళిపోయింది.
తలుపు తట్టాను.

ఎదూవినా తిబదుయిసా. ఉన్ని రువానా అంచుకి దుంపల మట్టి.
"గీత మీ వంటింట్లోంచి వెళ్తోందండీ" అన్నాను,
పైపు పగిలిందని చెప్పే ప్లంబరులా.
"పొయ్యి ఎటు?"
"పొలం వైపు."
"మంచం?"
"పారమోలో."
ఆవిడ చేతులు తుడుచుకుంది.
"అయితే నేనిక నిద్రపోవాలంటే అనుమతి కావాలి.
కూర్చో. ఆ పీట పసుపులోనే ఉందిలే."

పాలు కాచి, గుడ్డు కొట్టి వేసి, కొత్తిమీర చల్లి
గిన్నె నా ముందు పెట్టింది.
ఏడవలేదు. తిట్టనూ లేదు.
కిటికీలోంచి ఒక నున్నటి వాలు చూపించింది.

"అదేం రంగు?"
"పసుపు. సాగుభూమి."
"సాల్వియో ట్రాక్టరు తెచ్చిన ఏడు
అక్కడ మనిషికి రెండింతల ఫ్రైలెహోన్లు.
మూడు రోజుల్లో పడగొట్టాడు మా ఆయన.
మూడు రోజులూ అన్నం మోసుకెళ్ళింది నేనే.
మొదటి పంటకి దుంప ఒక్కోటి పిడికిలంత!
ఐదో ఏట ఊట సన్నబడింది.
తొమ్మిదో ఏట ఆవులు వట్టి తొట్టె నాకాయి.
దెబ్బ తగిలిన చోట ఎరుపు వేస్తారనుకున్నా బాబూ.
మీరు ఇంకా తగలని చోట వేశారు."

నా దగ్గర జవాబుంది.
పోగొట్టుకోవడానికి ఏదో మిగిలిన చోటే దుర్బలం,
శిక్షణలో అలాగే చెప్పారు.
ఆ మాటని పాలతోపాటు మింగేశాను.

గురువారం సమావేశం.
దిగువ పట్నం మేయరు కుళాయిల సంగతి అడుగుతాడు.
బొగ్గు కంపెనీ ఇంజనీరు, చాలా మర్యాదస్తుడు,
గీతని నలభై మీటర్లు పైకి జరపమంటాడు.
నలభై మీటర్లే కదా, అంటాడు.
ఈ మొక్కల కొలతలో నాలుగు వేల ఏళ్ళు.
నేను మాత్రం ఆరో రంగు కావాలని రాసుకెళ్తాను.
దెబ్బ తిన్నది, ఊపిరి ఉంది
అని దాని పేరు.
పటం మూలలో అంత చోటు లేదంటారు.
లేదు కూడా, నేనే కొలిచాను.

బయల్దేరబోతుంటే
"ఆ కొస పట్టుకో" అంది ఎదూవినా.
ఇద్దరం కలిసి మంచాన్ని
పొయ్యి వైపుకి జరిపాం.
బరువైన మంచం. సాల్వియో చేసిందేనట.

అది ఇన్నాళ్ళూ ఉన్న చోట
నాలుగు కోళ్ళ గుర్తుల మధ్య
మట్టి నేల చెమ్మగా ఉంది.
ఆవిడ వంగి అరచెయ్యి ఆనించింది.
తియ్యలేదు.
నా చేతిలో యంత్రం
ఇంకా అంకెలు వెతుక్కుంటోంది.